లోర్నా రాసిన షెల్టరు పేజీ

సెప్టిక్ ట్యాంకు గురించి ప్రేమగా రాయగలిగిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది లోర్నా జాడిన్ ఒక్కతే. అమెరికాలో గ్రీన్ బే అనే చలి ఊళ్ళో, ఫాక్స్ నదికి పడమటి ఒడ్డున, టైర్ల దుకాణం పై అంతస్తులో ఆమె ఉద్యోగం. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే కంపెనీ అది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసేవాళ్ళు, పైకప్పులు వేసేవాళ్ళు, పళ్ళ డాక్టర్లు, ట్యాంకులు తోడేవాళ్ళు, వీళ్ళందరి తరఫునా మాటలు రాసిపెట్టేది ఆమే. డి పీర్‌లో ట్యాంకు నిండినవాడికి డి పీర్ పేరుతో ఒక పేజీ, హోవార్డులో నిండినవాడికి హోవార్డు పేరుతో ఇంకో పేజీ. కంపు ఒకటే, ఊరి పేరే మారుతుంది.

అంతకుముందు ఆమె ఊళ్ళోని పేపరాఫీసులో చిన్న ప్రకటనలు రాసుకునేది. ఫోన్లో జనం చెప్పిందంతా విని, మూడు ముక్కల్లోకి కుదించడం ఆమె పని. పేపరు చిక్కి శల్యమయ్యాక ఆ బల్లా పోయింది, ఆ ఫోనూ పోయింది. యాభై దాటిన ఆడమనిషి కొత్త పని నేర్చుకోవాలంటే మాటలా! నేర్చుకుంది. కాకపోతే పాత అలవాటు కొద్దీ కీవర్డులను మొదట్లో మూటలో బట్టలు కుక్కినట్టు కుక్కేది. కీవర్డంటే మరేం లేదు, అవసరం పడ్డ మనిషి సెర్చ్ పెట్టెలో కొట్టే మాట. ఆ మాట పేజీలో ఉంటే సెర్చ్ ఇంజన్ ఆ పేజీని పైకి తెచ్చి చూపిస్తుంది. ఎంత ఎక్కువ కుక్కితే అంత పైకి వస్తుందని లోర్నా నమ్మకం.

ఆమె యజమాని కర్ట్ వాండెహై నోటి దురుసు మనిషే గాని మనసులో కుళ్ళు లేదు. ఒకరోజు ఆమె రాసిన పేజీని అందరూ వినేలా పైకి చదివాడు.

"'గ్రీన్ బేలో ఫర్నేసు రిపేరు కావాలా? గ్రీన్ బే ఫర్నేసు రిపేరు కోసం గ్రీన్ బేలో మేమే మంచి ఫర్నేసు రిపేరు.' ఏంటి లోర్నా ఇది? గీత పడ్డ రికార్డా?"

"మాట పేజీలో ఉండాలని నువ్వేగా అన్నావు!"

"ఉండాలన్నాను. సూపులో ఉప్పుండాలంటే, ఉప్పులో సూపు పోస్తావా? సెర్చ్ ఇంజన్ ఇప్పుడు తెలివిమీరింది తల్లీ. ఇలా కుక్కావంటే అడుక్కి తోసేస్తుంది. ఫర్నేసు ఆగిపోయి వణికిపోతున్న ముసలమ్మ నీ ఎదురుగా నిలబడిందనుకో. ఆవిడ ఏమని అడుగుతుంది? నువ్వేమని జవాబు చెప్తావు? అదే రాయి. మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి."

ఆ ముక్క ఆమె మనసుకు పట్టింది. ఆ రోజు నుంచి ఏ పేజీ రాయాలన్నా ముందు కళ్ళు మూసుకుని, ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టుకునేది. పన్ను నొప్పితో దవడ పట్టుకున్నవాడు, పెళ్ళి విందు రేపనగా ట్యాంకు పొంగిన పెళ్ళికూతురి తండ్రి. వాళ్ళ నోటి నుంచి వచ్చే మాట విని, దానికి జవాబు రాసేది. పేజీలు పైకి రావడం మొదలెట్టాయి. కర్ట్ క్రిస్మస్‌కి ఆమెకు ఒక పెద్ద చీజ్ ముద్ద బహుమతిగా ఇచ్చాడు.

పని అలా దారిన పడింది గాని, ఆమె ప్రాణం మాత్రం ఎప్పుడూ వేరేచోట కొట్టుకుంటూ ఉండేది. ఆ ప్రాణం పేరు వేడ్.

వేడ్ ఆమె తమ్ముడు. వాడు బడిలో అక్షరాలు దిద్దుతున్న రోజుల్లోనే తల్లి పోయింది. తండ్రి కాగితం మిల్లులో పనిచేసేవాడు. వారమంతా మిల్లు, ఆదివారం ఊరి పక్క గడ్డకట్టిన అఖాతం మీద, మంచుకి కన్నం పెట్టి చేపల వేట. మంచు మీదకి లాక్కెళ్ళే చిన్న చెక్క గుడిసె ఒకటుండేది ఆయనకి. అందులో కూర్చుంటే ఆయనకి లోకంతో పనిలేదు. ఇక పిల్లాణ్ణి పెంచింది ఎవరు? లోర్నాయే. మిల్వాకీ వెళ్ళి కాపురం పెడదాం రమ్మని ఒకడు పిలిచాడు. వేడ్‌కి ఎవరు అన్నం పెడతారని వెళ్ళలేదు. ఆ పిలిచినవాడు ఇంకొకామెను చేసుకున్నాడు. పోతే పోయాడు, వాడి మొహం ఇప్పుడు ఆమెకి గుర్తు కూడా లేదు.

వేడ్ పెద్దవాడై పైకప్పులు వేసే పనిలో చేరాడు. ఒక వేసవిలో కప్పు మీద నుంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి డాక్టరు మాత్రలిచ్చాడు. తర్వాత మత్తు కోసం డాక్టరు ఇవ్వని మాత్రలు మొదలయ్యాయి. అక్కడి నుంచి కథ మీకు తెలిసిందే, ఈ పక్క ఊళ్ళలో ప్రతి మూడో ఇంట్లోనూ అదే కథ. తండ్రి పోయాక ఇంట్లోంచి వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. లోర్నా నోరు కుట్టేసుకుని ఊరుకుంది. చివరికి ఒక శీతాకాలం చూసేసరికి పెరట్లో చెక్క గుడిసె లేదు.

"నాన్న గుడిసె అమ్ముకున్నావుట్రా?"

"మళ్ళీ తెచ్చేస్తానక్కా. ఒట్టు."

"ఏం పెట్టి తెస్తావురా? ఇంక ఈ ఇంట్లో అమ్ముకోడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నన్నూ అమ్మేయ్! లేదా ఎటైనా పో. నీ మొహం నాకు చూపించకు."

వాడు పోయాడు. ఎదురు మాట కూడా అనకుండా కోటు తగిలించుకుని, గుమ్మం దగ్గర మంచు తుడిచే చీపురు పడిపోతే దాన్ని నిలబెట్టి మరీ పోయాడు. సాయంత్రానికల్లా తిరిగొస్తాడనుకుంది. వాడికిష్టమని పెర్చ్ చేప వేయించి కూడా ఉంచింది. రాలేదు. ఆ శీతాకాలం రాలేదు, ఆ పైది కూడా రాలేదు. ఫోను మూగబోయింది. పోలీసులు కాగితం మీద పేరు రాసుకుని, పెద్దవాడు కదండీ, తనంతట తను పోయాడు కదండీ అన్నారు. పెట్రోలు బంకుల్లో, బస్సు అడ్డాలో, పేదలకు అన్నం పెట్టే చర్చి వంటశాలల్లో ఫోటో పట్టుకు తిరిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాక ఆ సామెత ఎవరికి కావాలి?

ఊళ్ళోని లైబ్రరీలో పనిచేసే ఒకావిడ మాత్రం ఫోటో చూసి ఆగింది. "ఎప్పుడన్నా వస్తుంటాడు. గడ్డం పెంచాడు. కంప్యూటర్ దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోతాడు" అంది. లోర్నా ఎన్నో శనివారాలు అక్కడ కాపు కాసింది. వాడు ఆ శనివారాల్లో రాలేదు.

అప్పుడు తట్టింది ఆమెకి ఆ ఆలోచన. వాడు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడంటే ఏదో వెతుకుతున్నాడు. ఏం వెతుకుతాడు? తన పేరు వెతుక్కోడు. అక్క పేరు అసలే వెతకడు. చలి ఎముకల్ని కొరుకుతున్నప్పుడు ఏ మాట కొడతాడు? లోర్నా కళ్ళు మూసుకుని వాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుంది. ముసలమ్మల కోసం, పెళ్ళికూతుళ్ళ తండ్రుల కోసం చేసిన పనే. గడ్డంతో, చిరిగిన కోటుతో వాడు నిలబడి అడిగాడు: ఈ రాత్రి ఎక్కడ పడుకోను? ఐడీ లేకపోతే లోపలికి రానిస్తారా? తాగి ఉంటే తరిమేస్తారా?

ఆమె జవాబు రాసింది. "చలిగా ఉందా? గ్రీన్ బేలో ఈ రాత్రికి పడుకోవడానికి చోటు వెతుకుతున్నావా? ఐడీ లేకపోయినా ఫర్వాలేదు. ఎవరూ నిన్ను తప్పు పట్టరు. తడిసిన మేజోళ్ళు విప్పెయ్, పొడివి ఉన్నాయి. సూపు వేడిగా ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నావో చెప్పనక్కర్లేదు. ముందు లోపలికి రా." ఇలా సాగింది ఆ పేజీ. షెల్టరు, అంటే గూడులేనివాళ్ళు రాత్రి తలదాచుకునే చోటు, ఆ మాట ఎన్ని చోట్ల వచ్చిందో చదివేవాడికి తెలియనే తెలియదు, అంత కలిసిపోయింది. ఆమె ఉద్యోగంలో చేరాక అంత బాగా ఇంకేదీ రాయలేదు. రాస్తూ ఏడ్చింది కూడా.

రాసిందంతా బాగుంది. వాడు చదివి ఫోన్ చేస్తే చాలు, గొంతు విని పట్టేసుకుంటానని ఆమె లెక్క. అయితే అడుగున ఏం పెట్టిందో చూడండి. అడ్రసూ ఫోను నంబరూ లేని పేజీని సెర్చ్ ఇంజన్ నమ్మదు. ఆ పనిలో ఉన్నవాళ్ళకి అది ఓనమాల్లాంటి పాఠం. ట్యాంకుల పేజీలకు వందసార్లు చేసిన పనే కాబట్టి వేళ్ళు వాటంతటవే కదిలాయి. కింద తన ఇంటి అడ్రసూ ఫోను నంబరూ పెట్టేసింది. వేడ్ పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. పెడితే జాడిన్ వాళ్ళ కుర్రాడు వీధిన పడ్డాడని చర్చిలో చెవులు కొరుక్కుంటారట. సిగ్గట! తమ్ముడు మంచులో పడుంటే ఏం సిగ్గమ్మా నీకు? కాని ఆ ఊరివాళ్ళంతే. ఇల్లు తగలబడుతున్నా కర్టెన్లు వేసుకునే తగలబడనిస్తారు.

ఊళ్ళో అసలైన షెల్టరు ఒకటుంది, నదికి తూర్పున, సెయింట్ ఓడిల్ పేరుతో. వాళ్ళ వెబ్‌సైట్లో ఏముందో తెలుసా? 'నివాస అస్థిరతను ఎదుర్కొంటున్న వ్యక్తులకు తాత్కాలిక వసతి సేవా కార్యక్రమం.' చలికి పళ్ళు టకటకలాడుతున్నవాడు ఎవడు కొడతాడండీ ఆ మాట! సెర్చ్ ఇంజన్ రెండు పేజీలనూ చూసింది. మనిషి గొంతులా ఉన్నది లోర్నా పేజీయే. దాన్ని పైన కూర్చోబెట్టింది.

ఫోన్లు మొదలయ్యాయి. లోర్నా ఆఫీసు నుంచి రాగానే కుర్చీని ముందు గది కిటికీ దగ్గరికి జరుపుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మోగిన ప్రతిసారీ వేడే అనుకుని ఎత్తేది. ప్రతిసారీ ఇంకెవరిదో గొంతు.

"హలో, పడకుందా అండీ?"

"ఇది... ఇక్కడ కాదు బాబూ. సెయింట్ ఓడిల్‌కి వెళ్ళండి. నంబరు చెప్తాను."

"అక్కడ చేశాను, ఎవరూ ఎత్తడంలేదు. మీరు పొడి మేజోళ్ళు కూడా ఇస్తామన్నారు కదండీ."

మేజోళ్ళు ఉన్నాయి, వేడ్‌వి, సొరుగు నిండా. ఒకసారి ఒకమ్మాయి పాత కారులో ఇద్దరు చంటిపిల్లల్ని వేసుకుని నేరుగా ఇంటికే వచ్చేసింది. లోర్నా వాళ్ళని లోపల కూర్చోబెట్టి, కుండలో ఉన్న బూయా, అంటే ఆ ఊరి మాంసం పులుసు, వేడిచేసి పెట్టి, తన కారు ముందు నడుపుతూ నది దాటించి షెల్టరుకి చేర్చింది. ఆ రోజు కొంచెం మంచి పని చేసినట్టనిపించింది. కాని రోజూ ఎవరో ఒకరు వస్తుంటే, ఒంటరి ఆడది ఎంతమందిని నది దాటిస్తుంది? ఒకడు తలుపు మీద పిడికిళ్ళతో బాది, "ముందు లోపలికి రా అని రాశావు కదే! తియ్యవే తలుపు!" అని అరిచాడు. తాగి ఉన్నాడు. వాడు వెళ్ళిపోయాక కూడా ఆమె వంటగదిలో నేల మీదే కూర్చుండిపోయింది. పక్కింటివాళ్ళు కంచె దగ్గర నిలబెట్టి కడిగేశారు.

మర్నాడు పాత అట్టపెట్టె ఒకటి చింపి, లావు కలంతో రాసి, వీధి తలుపుకి తగిలించింది. 'ఇది షెల్టరు కాదు. ఇక్కడ ఎవరికీ చోటు లేదు. తలుపు కొట్టొద్దు.'

పేజీ మాత్రం తియ్యలేదు. ఎలా తీస్తుంది? ఫోన్ చేసేవాళ్ళందరిలో రేపు మోగేది వాడిదైతే?

కర్ట్ కంట పడనే పడింది. ఊళ్ళో ఏ మాటకి ఏ పేజీ పైకొస్తోందో రోజూ చూసుకోవడం అతని అలవాటు. ఆమె బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఆ షెల్టరు పేజీ నీదే. నీ చెయ్యి నాకు తెలీదనుకోకు. ఇంతకంటే బాగా ఈ ఆఫీసులో ఎవరూ రాయలేదు."

"థాంక్స్."

"ఉండు, నేనింకా పొగడ్తలోనే ఉన్నాను, తిట్టులోకి రాలేదు. పిజ్జా లేకుండా పిజ్జా దుకాణానికి పేజీ రాస్తే దాన్నేమంటాం?"

లోర్నా కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"మోసం అంటాం. మాటొక్కటే సహజంగా ఉంటే సరిపోదు, ఆ మాట వెనకాల మంచం ఉండాలి. తీసెయ్ లోర్నా."

"మా తమ్ముడు దొరికేదాకా తియ్యను. ఉద్యోగంలోంచి తీసేస్తావా, తీసెయ్."

అతను తియ్యలేదు. తల గోక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు. అతనికీ ఒక చెల్లెలుంది. ఆ చెల్లెలి సంగతి ఆఫీసులో ఎవరూ ఎత్తరు.

జనవరి చివర్లో ఒక తుఫాను వచ్చి ఊరిని కప్పేసింది. మంచు తవ్విపోసి దారులు తెరిచిన తర్వాత ఒక పొద్దున ఫోను మోగింది. ఆడగొంతు, నిదానంగా ఉంది.

"లోర్నా జాడిన్ నువ్వేనా అమ్మా? నా పేరు బెర్నడెట్ స్కెనండోర్. సెయింట్ ఓడిల్ చూసుకునేది నేనే. నీ షెల్టరులో పడకలెన్ని ఉన్నాయో కనుక్కుందామని చేశాను."

లోర్నా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చెప్పమ్మా, మొహమాటపడకు. మాకు నిండిపోయింది. ఓ నలుగుర్ని నీ దగ్గరికి పంపిద్దామని."

"అమ్మా, నన్ను క్షమించండి. నా దగ్గర పడకలు లేవు."

"అలాగా! పేజీ చూసి నేను పెద్ద బంగళా అనుకున్నానే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు చేశావు గదమ్మా. నువ్వు పెట్టవు. మా దగ్గరికి వచ్చేవాళ్ళని దారి మళ్ళిస్తావు. దేనికి?"

లోర్నా అంతా చెప్పింది. దాచుకోవడానికి ఇంక ఓపిక లేదు. వేడ్, మాత్రలు, గుడిసె, లైబ్రరీ, అన్నీ చెప్పింది.

"నా కడుపున పుట్టినవాడు కూడా వీధిలోనే పోయాడు" అంది బెర్నడెట్. "కాబట్టి నీకు నీతులు చెప్పను. ఒక్క సంగతే చెప్తాను. తుఫానుకి ముందు సాయంత్రం ఒక పెద్దాయన నీ అడ్రసు పట్టుకుని నది దాటి అటు నడిచాడు. అక్కడ చోటు లేదని మళ్ళీ ఇటు నడిచాడు. చలికి చచ్చుబడిపోతే ఆయన కుడి చేతికి రెండు వేళ్ళు డాక్టర్లు తీసేశారు. ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. నీ తమ్ముడు ఒక్కడే. ఈ చలిలో తిరిగేవాళ్ళందరూ ఎవరికో ఒకరికి తమ్ముళ్ళే."

ఫోన్ చెవిన ఉండగానే లోర్నా పేజీ తీసేసింది. తీసేస్తుంటే వేడ్ చెయ్యి తన చేతుల్లోంచి జారిపోతున్నట్టే అనిపించింది. అయినా తీసింది. తర్వాత కోటు వేసుకుని, మేజోళ్ళ సొరుగు మొత్తం ఒక సంచిలోకి బోర్లించి, నది దాటి షెల్టరుకి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. పొడవాటి బల్ల దగ్గర ఆ పెద్దాయన ఎడమ చేత్తో చెంచా పట్టుకుని సూపు తాగుతున్నాడు. కుడి చేతికి బొంతలా లావుగా కట్టు కట్టి ఉంది. పేరు ఓరిన్ నైగార్డ్. కళ్ళజోడుకి ఒక అద్దమే ఉంది. బెర్నడెట్ చూపించి పక్కకి తప్పుకుంది. లోర్నా ఆయన ఎదుట కూర్చోలేక నిలబడే ఉండిపోయింది.

"పెద్దాయనా, ఆ పేజీ రాసింది నేనే. మీ వేళ్ళు పోయింది నా మూలంగానే. మీరేమన్నా పడతాను."

ఓరిన్ చెంచా కింద పెట్టాడు. ఆమెను పైనుంచి కిందకి చూశాడు.

"నువ్వా! భలేదానివే తల్లీ. వింటుంటే మా అమ్మ పిలిచినట్టే ఉంది. ముందు లోపలికి రా, అని. ఈ వయసులో నన్నలా ఎవరు పిలుస్తారు? అందుకే పడుతూ లేస్తూ వచ్చాను."

"వింటుంటే అంటున్నారు. ఎవరైనా చదివి వినిపించారా?"

"మరి? నాకీ కళ్ళజోడుతో కంప్యూటర్ ఎక్కడ కనిపిస్తుంది? లైబ్రరీలో ఒక కుర్రాడు చదివి పెట్టాడు. సగం చదివి ఆగిపోయాడు. ఇది మా అక్క మాట్లాడినట్టే ఉంది పెద్దాయనా, అన్నాడు. కిందకి జరిపి అడ్రసు చూసి నవ్వేశాడు. ఆ నవ్వు చూడాలి నువ్వు. నిజంగా మా అక్కే, మా ఇంటినే షెల్టరు చేసింది, ఊరందరికీ పెడుతోందంటే అందరితో పాటు నాకూ ఓ మూల దొరక్కపోదు, పద పద, అని నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు."

లోర్నా సంచిని నేల మీద పెట్టి, కోటు జేబులోంచి ఫోటో తీసింది. తీయడానికి చాలాసేపు పట్టింది. ఓరిన్ దాన్ని ఉన్న ఒక్క అద్దానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గడ్డం ఉంది ఇప్పుడు" అన్నాడు. "వీడే."

"మా గుమ్మం దాకా వచ్చాడా?"

"కంచె దాకా వచ్చాం. తలుపు మీద అట్ట ఉంది. వాడే నాకు చదివి వినిపించాడు. కొట్టరా బాబూ, నా చేతులు కొయ్యబారిపోతున్నాయి, మీ అక్కే కదా అన్నాను. ఇది అక్క చేతివ్రాతే, ఎవరికీ చోటు లేదంటే నాకేనని అర్థం, అన్నాడు. నేనే కొడతానంటే కూడా ఒప్పుకోలేదు. నన్ను పట్టుకుని మళ్ళీ వంతెన దాటించాడు. గాలి లేచింది అప్పటికే. ఈ వీధి మూల దాకా తెచ్చి ఈ షెల్టరు తలుపు చూపించి, నువ్వెళ్ళు అన్నాడు. నువ్వూ రారా అంటే, ఇవాళ ఇంకో తలుపు నా వల్ల కాదు పెద్దాయనా అన్నాడు."

"ఎటు వెళ్ళాడు?"

"తెలీదమ్మా. లోపలికొచ్చి, వీళ్ళకి చెప్పి, మళ్ళీ తలుపు తీసి చూస్తే లేడు. మంచు పడుతోంది."

బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగలేదు. ఎవరో ఇంకొంచెం రొట్టె అడిగారు. లోర్నా బల్ల అంచు పట్టుకుంది.

"నేను ఇంట్లోనే ఉన్నాను" అంది. "ఆ సాయంత్రం నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను పెద్దాయనా."

"తెలుసు తల్లీ. కిటికీలో కనిపించావు. అదిగో మా అక్క అని చూపించి, కంచె పట్టుకుని అలా నిలబడిపోయాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది చూడు, ఎవరి కోసమో ఎదురుచూస్తోంది, అన్నాడు. ఎవరో గాని, అదృష్టవంతులు, అన్నాడు."